నవ్వకుండా నివాళి

జూన్ 19న మా పర్లాకిమిడిలో జంధ్యాల సంస్మరణ సభ జరిపాం. మొదటినుంచి చివరిదాకా ఒక్కరూ నవ్వలేదు. కార్యదర్శిగా ఈ సంగతి గర్వంగా తెలియజేస్తున్నాను.

2001లో యాభై ఏళ్లకే పోయిన మనిషి. పోయినందుకు బాధపడాలి గానీ రాసినందుకు నవ్వడమేమిటని అధ్యక్షులవారి ప్రశ్న. దానికి జవాబు కూడా ఆయనే గంటంపావు చెప్పారు, శుద్ధ గ్రాంథికంలో. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఆయనకు ఇన్నాళ్లకు మా తరఫున సమాధానం అందింది. వెనక వరుసలో ఓ మామ్మ మాత్రం "ఏటి బాబూ, ఈయన నవ్వించీవోడా, ఏడిపించీవోడా?" అనడిగింది. ఆవిడకి మంచినీళ్లిచ్చి బయట కూర్చోబెట్టాం.

'అహ నా పెళ్లంట'లో పీనాసి లక్ష్మీపతి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటాడు కదా. మేం వేదిక మీది పులిహోర పొట్లాలను చూస్తూ ప్రసంగం విన్నాం. ఆయనకు ఇంతకన్నా పెద్ద నివాళి ఎవరివ్వగలరు?

లోపం జరిగింది ఆహ్వానపత్రిక దగ్గర. ఓ అమ్మాయి ఊహల్లోని మొగుడికి సరదాగా రాసిన ఉత్తరం ఎవరికో చేరితే, ఆ కుర్రాడు ఆమెను వెతుక్కుంటూ పోవడం 1984 నాటి 'శ్రీవారికి ప్రేమలేఖ'. పొత్తూరి విజయలక్ష్మి నవలకు జంధ్యాల ఇచ్చిన రూపం. ఉత్తరం దారి తప్పితే పెళ్లవుతుందని నమ్మిన తరం మాది. మా పత్రిక దారి తప్పితే ఏమైందో వినండి.

1936లో ఊరు ఒడిశాలో కలిసినా తెలుగు మా ఇళ్లలో మిగిలింది. ప్రెస్సులో మిగల్లేదు. 'హాస్యబ్రహ్మ సంస్మరణ సభ' అని రాసిస్తే, ఈ వైపు బ్రహ్మ తర్వాత పుర రాకపోవడం తప్పనుకున్న కుర్రాడు 'హాస్య బ్రహ్మపుర సంస్మరణ సభ' అని దిద్ది అచ్చేశాడు. మనం బరంపురం అనేదే కాగితాల మీద బ్రహ్మపుర. ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లు పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్లిపోయారు.

సభ లేదని తెలిసీ వాళ్లు బాధపడలేదట. తిరుగు బస్సులో జంధ్యాల డైలాగులు ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ, పక్క సీటులోని ఒడియా దంపతులకు అర్థం విడమర్చి చెబుతూ, కండక్టరు కేకలేసేదాకా నవ్వారట. సంతాపదినాన ఇంత బరితెగింపా! సంజాయిషీ కోరుతూ నోటీసు పంపాం.

అచ్చేసింది ఆ ప్రెస్సులోనే. ఎక్కడికి చేరిందో ఇంకా తెలియలేదు.