జుజు తిరిగొచ్చాక మొదట్లో 20 నిమిషాలు చాలు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ స్టార్ జుజు వాట్కిన్స్ మోకాలి గాయం నుంచి కోలుకుని మళ్ళీ కోర్టులోకి దిగిన రోజు నుంచి కనీసం రెండు నెలలు మ్యాచ్‌కి 20 నిమిషాలకు మించి ఆడించకూడదు. మ్యాచ్ మొదట్లో దిగే ఐదుగురిలో కూడా పెట్టక్కర్లేదు, బెంచి మీద నుంచి రానివ్వాలి. స్కోరు సమానంగా ఉన్నా, ఎదురుగా ఉన్నది సొంత ఊరి ప్రత్యర్థి కాలేజీ యూసీఎల్‌ఏ అయినా, స్టేడియం మొత్తం లేచి ఆమె పేరు అరుస్తున్నా సరే, 20 నిమిషాలయ్యాక కూర్చోవాలి. దీంట్లో నాకు రెండో మాట లేదు.

కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి ఈ కథ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. లాస్ ఏంజిల్స్ అమ్మాయి, అక్కడి యూనివర్సిటీ యూఎస్‌సీకే ఆడుతోంది. 2023-24లో, అంటే కాలేజీలో మొదటి ఏడాదే 920 పాయింట్లు కొట్టి ఫ్రెష్‌మన్ రికార్డు తన పేర రాసుకుంది, అందులో స్టాన్‌ఫర్డ్ మీద వాళ్ళ సొంత కోర్టులో ఒకే మ్యాచ్‌లో కొట్టిన 51 కూడా ఉన్నాయి. రెండో ఏడాది దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి అవార్డులు ఊడ్చేసింది. 2025 మార్చి 24న కాలేజీల జాతీయ టోర్నీ అయిన ఎన్‌సీఏఏ రెండో రౌండులో, మిసిసిపీ స్టేట్ మీద ఆడుతూ కుడి మోకాలి ఏసీఎల్, అంటే మోకాలి ఎముకల్ని లోపల పట్టి ఉంచే లిగమెంట్, తెగింది. సెప్టెంబర్ చివర్లో, 2025-26 సీజన్ మొత్తానికే ఆడనని తనే చెప్పింది.

ఆ మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ సగం అయ్యిందో లేదో, బంతి తీసుకుని ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి దూసుకెళ్తోంది. కుడికాలు నేలకి ఆనించింది. మోకాలు మెలిక పడింది, పడిపోయింది, రెండు చేతులతో మోకాలు పట్టుకుంది. నిలబడలేకపోతే మోసుకుని తీసుకెళ్ళారు. సొంత ఊళ్ళో, సొంత జనం మధ్య జరిగింది ఇదంతా. ఆ క్లిప్ నేను రెండోసారి చూడలేకపోయాను. జట్టు మాత్రం 96-59తో గెలిచింది, కికీ ఇరియాఫెన్ ఒక్కతే 36 పాయింట్లు కొట్టింది. ఇంకో మ్యాచ్ కూడా గెలిచి, ఆ తర్వాత యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 78-64తో ఇంటికెళ్ళింది.

ఇప్పుడు అందరూ అడుగుతున్నది ఒకటే, తిరిగొచ్చాక పాత జుజులాగే ఆడుతుందా అని. ఆ ప్రశ్న అడగడమే తప్పంటాను. ఎన్ని నిమిషాలు ఆడాలి, ఎవరు చెబితే ఆడాలి అని అడగాలి ముందు.

ఏసీఎల్ తెగితే పాతదాన్ని కుట్టి వదిలేయరు. చాలా సందర్భాల్లో మోకాలి చిప్ప కింది స్నాయువులోంచో, తొడ వెనకభాగంలోంచో ఒక ముక్క తీసి, ఎముకల్లో సొరంగంలా తొలిచి అందులో బిగిస్తారు. ఆ ముక్క బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, తర్వాత కొన్ని నెలలపాటు బలహీనపడుతుంది, ఆ పైన మెల్లగా అసలు లిగమెంట్‌లా మారుతుంది. దీనికి ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఈలోగా తొడ కండరం కరిగిపోతుంది, దాన్ని మళ్ళీ పెంచాలి. ఒంటికాలి మీద గెంతించి, రెండు కాళ్ళ బలం పోల్చి, తేడా 10 శాతం లోపుకి వచ్చిందా లేదా చూస్తారు. తొమ్మిది నెలల లోపే తొందరపడి ఆటలోకి వెళ్ళినవాళ్ళకి మళ్ళీ మోకాలు పోయే ప్రమాదం బాగా ఎక్కువని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. అమ్మాయిలకైతే అసలు ఏసీఎల్ తెగే ముప్పే అబ్బాయిలకంటే కొన్ని రెట్లు ఎక్కువ.

ఇక్కడ నన్ను నిద్రపోనివ్వని విషయం ఒకటుంది. అమెరికాలో పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీ లీగుల) కిందున్న కాలేజీల్లో, ఆటగాడు తిరిగి ఆడొచ్చా లేదా అన్నది తేల్చే అధికారం టీమ్ డాక్టరుదీ అథ్లెటిక్ ట్రైనరుదీ. కోచ్ దాన్ని కాదనడానికి వీల్లేదని నిబంధనే ఉంది. చాలా మంచి నిబంధన, దానికోసం పోరాడినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ అది తలుపు దగ్గరే ఆగిపోతుంది. డాక్టర్ "ఆడొచ్చు" అన్నాక, ఎంతసేపు ఆడాలి అన్నది కోచ్ ఇష్టం. 12 నిమిషాలా, 38 నిమిషాలా, మూడు రోజుల్లో రెండు మ్యాచ్‌లా, లాస్ ఏంజిల్స్ నుంచి న్యూజెర్సీ దాకా విమానంలో కాళ్ళు ముడుచుకుని వెళ్ళి మర్నాడే ఆడటమా, ఇవేవీ డాక్టర్ చీటీలో ఉండవు. యూఎస్‌సీ 2024లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్సులో చేరాక ఈ ప్రయాణాలు మరీ ఎక్కువయ్యాయి. నాలుగో క్వార్టర్‌లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు నిమిషాల లెక్క ఎవరికి గుర్తుంటుంది? గెలుపు మీద ఉద్యోగం ఆధారపడ్డ మనిషి చేతిలో ఆ గడియారం పెట్టడం ఏ రకంగానూ న్యాయం కాదు. యూఎస్‌సీ కోచ్ లిండ్సే గాట్లీబ్ చెడ్డ కోచ్ అని నేననడం లేదు, ఆమె మంచి కోచ్. ఎంత మంచి కోచ్‌కైనా ఆ క్షణంలో అంత బరువు పెట్టకూడదు అంటున్నాను. సీజన్ మొదలవకముందే నెలవారీగా నిమిషాలు రాసి, డాక్టర్ సంతకం పెట్టి, అందరికీ తెలిసేలా చెప్పేయాలి. అప్పుడు కోచ్‌కీ టెన్షన్ ఉండదు, అభిమానులూ అరవరు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ అమ్మాయి తనంతట తానే "నేను ఆడగలను కోచ్" అని చెప్పాల్సిన పరిస్థితి రాదు. ఎందుకంటే ఆమె చెబుతుంది. ఇరవయ్యేళ్ళ వయసులో ఎవరైనా అదే చెబుతారు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. 2026 నవంబర్‌లో కొత్త సీజన్ మొదలయ్యేనాటికి గాయమై 19 నెలలు దాటుతుంది, ఇంకా పసిపిల్లలా చూసుకోవడమేంటి, ఆడితేనే కదా ఆట వచ్చేది, బెంచి మీద చల్లబడిన కాళ్ళతో మధ్యలో దిగితేనే ప్రమాదం కదా అంటారు. చల్లబడటం గురించి చెప్పింది నిజమే, దానికి సైడ్‌లో సైకిల్ వేసుకుని కాళ్ళు కదుపుతూ ఉంటే సరిపోతుంది. 19 నెలల సంగతికొస్తే, మోకాలు 19 నెలలు మానింది గానీ ఈ 19 నెలల్లో ఆమె ఒక్క అసలు మ్యాచ్ కూడా ఆడలేదు కదా. జిమ్‌లో గెంతడం వేరు, ఒంటి మీదకి ఇద్దరు దూకుతుంటే గాల్లో దిశ మార్చి దిగడం వేరు.

యూకాన్‌నే చూడండి. ఆజీ ఫడ్‌కి 2023 నవంబర్‌లో ఏసీఎల్ తెగింది, అంతకుముందు స్కూల్లో ఉండగానే ఒకసారి తెగింది. ఏడాది తర్వాత 2024 నవంబర్‌లో మెల్లగా, కొద్ది నిమిషాలతో తీసుకొచ్చారు. డిసెంబర్‌లో మోకాలు బెణికితే మళ్ళీ ఆపేశారు. అప్పుడు జనం గోల పెట్టారు, ఈ అమ్మాయి ఇక అయిపోయింది అన్నవాళ్ళూ ఉన్నారు. 2025 ఏప్రిల్ 6న సౌత్ కరోలినాని 82-59తో ఓడించిన ఫైనల్లో 24 పాయింట్లు కొట్టి, ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల పోరు) ఉత్తమ క్రీడాకారిణి అయ్యింది. నవంబర్‌లో దాచుకున్న కాలు ఏప్రిల్‌లో పనికొచ్చింది.

అదే జట్టులో పేజ్ బెకర్స్ కథ ఇంకోలా నడిచింది. 2021 డిసెంబర్‌లో ఎడమ మోకాలి దగ్గర ఎముక చిట్లింది, లోపలి మెత్తటి దిండులాంటి మెనిస్కస్ చిరిగింది. ఫిబ్రవరి చివరికల్లా కోర్టులో ఉంది. మార్చి చివర్లో నార్త్ కరోలినా స్టేట్ మీద రెండు ఓవర్‌టైమ్‌ల మ్యాచ్‌లో 27 పాయింట్లు కొట్టి జట్టుని ఫైనల్ ఫోర్‌కి మోసుకెళ్ళింది, అది చూసి నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. ఆ ఆగస్టులో అదే మోకాలి ఏసీఎల్ తెగింది, ఏడాది పోయింది. మొదటిదానివల్లే రెండోది అని నేను చెప్పను, ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రెండు ఓవర్‌టైమ్‌లు గుర్తొస్తే ఇప్పుడు చప్పట్లు కొట్టబుద్ధి కాదు.

జట్టులో ఆమె స్థానం ఏంటన్న ప్రశ్న కూడా ఉంది. ఒక సీజన్ మొత్తం యూఎస్‌సీ ఆమె లేకుండా ఆడటం నేర్చుకుంది, జాజీ డేవిడ్సన్ లాంటి కొత్త అమ్మాయి చేతికి బంతి వెళ్ళింది. 2011లో డ్యూక్ యూనివర్సిటీ అబ్బాయిల జట్టుకి ఇలాగే జరిగింది. కాలి బొటనవేలి గాయంతో మూడు నెలలకు పైగా కూర్చున్న కైరీ ఇర్వింగ్ టోర్నీలో తిరిగొచ్చి, ఆరిజోనా మీద 28 పాయింట్లు కొట్టాడు, డ్యూక్ 93-77తో ఓడింది. ఒక్క ఆటగాడు తిరిగొస్తే మిగతా నలుగురి ఆటా మారిపోతుంది, అది సర్దుకోవడానికి టైమ్ కావాలి. 20 నిమిషాలతో మొదలుపెట్టడం జట్టుకీ మంచిదే.

పైగా తొందరేముంది? అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ నిబంధనల ప్రకారం జుజు 2027 దాకా డ్రాఫ్ట్‌లోకి, అంటే ఆ లీగ్ జట్లు కొత్తవాళ్ళని ఎంచుకునే చోటికి, వెళ్ళడానికి వీల్లేదు. ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడొచ్చు కాబట్టి, కూర్చున్న ఏడాది ఆమె లెక్కలోంచి పోలేదు, కావాలంటే 2027-28 కూడా కాలేజీకే ఆడొచ్చు. నైకీతో పెద్ద ఒప్పందం ఉంది, చదువుకి ఢోకా లేదు. ఆమె కూర్చోగలిగింది కాబట్టి కూర్చుంది. అదే జట్టులో పన్నెండో అమ్మాయికి మోకాలు పోతే ఏడాది కూర్చోమని ఎవరు చెబుతారు? వచ్చే ఏడాది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) నుంచి ఆమె చోటులోకి ఇంకొకరు వస్తారు. అందుకే నిమిషాలు కాగితం మీద ఉండాలంటున్నాను, స్టార్‌కైనా పన్నెండో అమ్మాయికైనా.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో సింధు కాలి నొప్పితో ఆడి స్వర్ణం గెలిస్తే మనమంతా ఏం చేశాం? నొప్పిని లెక్కచేయని వీరనారి అని పొగిడాం. నేనూ పొగిడాను. తర్వాత తెలిసింది అది ఎడమ కాలి చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని. వరల్డ్ చాంపియన్‌షిప్ పోయింది, దాదాపు ఐదు నెలలు ఆట పోయింది, 2023లో ఏళ్ళ తర్వాత మొదటిసారి టాప్ టెన్ నుంచి కిందికి జారింది. సైనా రియోలో మోకాలి గాయంతోనే ఆడింది, వెంటనే ఆపరేషన్ అయ్యింది, 2024లో మోకాళ్ళకి ఆర్థరైటిస్ వచ్చిందని తనే చెప్పుకుంది. ఆడాలన్న నిర్ణయం వాళ్ళది, ఆ చెమట వాళ్ళది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ నొప్పితో ఆడటమే గొప్పని పిల్లలకి నేర్పింది మనం, పేపర్లలో హెడ్డింగులు పెట్టినవాళ్ళం, చప్పట్లు కొట్టినవాళ్ళం.

మా డిగ్రీ కాలేజీలో నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి కబడ్డీ ఆడేది. ఇంటర్ కాలేజియేట్ మీట్ సెమీస్‌లో కూతకెళ్ళి వెనక్కి తిరిగేటప్పుడు మోకాలు టప్ మంది, గీత బయట నిలబడ్డ మాకు వినిపించింది. పీడీ సార్ పరిగెత్తుకొచ్చి స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ బిగించి, "ఇంకో పది నిమిషాలే తల్లీ, సర్టిఫికెట్ వస్తుంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, స్పోర్ట్స్ కోటాలో ఆమెకి ఉద్యోగం రావాలని నిజంగానే కోరుకున్నాడు. ఆమె మళ్ళీ దిగింది. గెలిచాం కూడా. ఇంటికెళ్ళాక నాటు కట్టు కట్టించారు, ఎమ్మారై ఎవరూ తీయించలేదు. ఉద్యోగం రాలేదు. పోయినేడాది వాళ్ళ గృహప్రవేశానికి వెళ్తే, సత్యనారాయణ వ్రతం భర్త పీట మీద, తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేసుకున్నారు. భోజనాలయ్యాక జుజు గురించి చెప్పి, ఫోన్‌లో ఆ ప్రకటన చూపించాను. చాలాసేపు చూసి ఫోన్ తిరిగిస్తూ ఒక్కటే అడిగింది.

"ఏడాదంతా ఆడనని చెప్పిందా? ఎవరూ ఏమనలేదా?"