నీళ్లు లోపలికి రావు, బయటికీ పోవు

అలాస్కాలో కారిబూ అనే మంచుదేశపు దుప్పి వేటకు పోయేవాడు తుపాకి గురించి ఆరు నెలలు ఆలోచిస్తాడు. బూట్లకు అరగంట. ఆ అరగంటలోనూ ఇరవై తొమ్మిది నిమిషాలు పెట్టె మీదున్న ఒక్క మాట చూసి మురిసిపోతాడు: ‘వాటర్‌ప్రూఫ్’.

మా బావమరిదికి షాపులో కుర్రాడు ఆ మాటను రుజువు చేసి మరీ చూపించాడు. బూటును తొట్టిలో నిలబెట్టాడు. శివలింగానికి అభిషేకం చేసినంత భక్తిగా దాని చుట్టూ నీళ్లు పోశాడు. లోపల పొడి! "చూశావా బావా" అన్నాడు మావాడు. తొట్టిలో నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. టండ్రాలో, అంటే మేం వేటకు పోయే ఆ చెట్లులేని చలి నేలలో, నీళ్లకు అక్కడ ఆగాలని ఎవరు చెప్పారో అడగాల్సింది. అడగలేదు, తప్పు నాదే.

అలాస్కా ఉత్తరపు కొసన ఏడాది మొత్తం పడేది మన అనంతపురం వానలో మూడో వంతు కూడా ఉండదు. అయినా కాలు పెడితే చిత్తడే. అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, పైన కరిగిన నీరు ఇంకడానికి దారి లేదు. ఆ నీళ్లలో తలకాయలంత గడ్డి దుబ్బులు, లక్షలకు లక్షలు. వాటి మీద కాలేస్తే పక్కకు ఒరుగుతాయి, మధ్యలో వేస్తే దిగబడిపోతాం. పైగా అక్కడికి పోయే రోడ్డు, డాల్టన్ హైవేకి రెండు వైపులా ఐదేసి మైళ్ల లోపు తుపాకితో వేట నిషేధం. విల్లంబులైతే పర్వాలేదు. మావాడికి అర్జునుడి విద్య అబ్బలేదు కాబట్టి, ఐదు మైళ్లు నడక.

మొదటి అరమైలులోనే దుబ్బు ఒరిగింది, మావాడు మోకాలి దాకా దిగాడు. నీళ్లు బూటు పైఅంచు మీంచి దర్జాగా లోపలికొచ్చాయి. బూటు గొప్పతనమంతా అప్పుడు బయటపడింది. వచ్చిన నీటిని చుక్క కూడా పోనివ్వలేదు! చబుక్ చబుక్ మని వంద అడుగులు నడవడం, నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, బూటు వంచి పితృదేవతలకు తర్పణం వదలడం, సాక్స్ పిండడం, మళ్లీ తొడగడం, మళ్లీ దిగబడడం. పదకొండో తర్పణానికి నాలుగు కారిబూలు దూరంగా నిలబడి మమ్మల్నే చూస్తున్నాయి. పారిపోవాల్సినంత ప్రమాదం వాటికేమీ కనబడినట్టు లేదు. రాత్రి ఆరబెట్టుకుందామంటే మంట వేయడానికి చెట్టన్నదే లేదు. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకున్న ఒక ముసలాయన మమ్మల్ని దాటి వెళ్లాడు. అవి ఫొటోలో బాగుండవని మావాడు అప్పట్లో వద్దన్నాడు.

నవ్వుకోండి. కానీ ఇదే అలాస్కాలో అట్టు అనే దీవి ఉంది. పేరుకు నవ్వొస్తే అదీ ఇప్పుడే నవ్వేయండి. 1943 మే 11న జపాన్ చేతిలోంచి దాన్ని తిరిగి తీసుకోవడానికి అమెరికా సైనికుల్ని దింపారు. కాలిఫోర్నియా ఎడారిలో శిక్షణ పొందిన కుర్రాళ్లు, కాళ్లకు తోలు బూట్లు! మూడు రోజుల్లో అయిపోతుందన్నారు, మూడు వారాలు పట్టింది. చనిపోయినవాళ్లు 549 మంది. గాయపడినవాళ్లు 1,148. చలికీ తడికీ దెబ్బతిన్నవాళ్లు మరో 1,200 మంది దాకా, ఎక్కువగా పాదాలే. తూటా తగల్లేదు వాళ్లకు, బూటు తగిలింది. ఆ బూట్లు చాలన్న పెద్దమనిషి పాదాలు మాత్రం ఏ ఆఫీసు బల్ల కిందో పొడిగా, వెచ్చగా ఉండి ఉంటాయి. అదే అలాస్కాలో ఇనుపియాట్ అనే ఆదివాసుల ఆడవాళ్లు తరతరాలుగా సీల్ అనే సముద్రజంతువు తోలుతో బూట్లు కుడుతున్నారు. జంతువు నరంతో వేసిన కుట్టు తడిస్తే ఉబ్బి, సూది గుచ్చిన రంధ్రాన్ని తనే మూసేస్తుంది. వాళ్లలో ఒక్క ముసలమ్మను అడగడానికి నోరు రాలేదా?

మావాడు ఈ ఏడు కొత్త జత కొన్నాడు. "ఇది హండ్రెడ్ పర్సెంట్ బావా" అంటున్నాడు. పాత జతలో మా ఆవిడ మట్టి పోసి పుదీనా నాటింది. వారం తిరక్కుండానే నీళ్లు దిగక వేళ్లు కుళ్లిపోయాయి.