ఆరు బై ఎనిమిది

మా బావమరిదికి గడ్డం గీసుకునే మడత కత్తి మీద మనసైంది. బ్లేడు మార్చే పనిలేని, అసలు సిసలు పాతకాలం కత్తి. ఆ మాట వినగానే మా అత్తగారు ఏడుకొండలవాడికి మొక్కుకున్నారు.

కత్తి దొరకడం కన్నా సైజు తేల్చడమే కష్టం. వెన్ను నుంచి పదును దాకా ఉన్న వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో లెక్కేస్తారు. 4/8 అంటే అరంగుళం, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. 8/8 అంటే నిండు అంగుళం. కొత్తవాళ్లకు 5/8 గానీ 6/8 గానీ మేలంటారు. మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. "6/8 ఏందిరా? 3/4 అనలేవా? భిన్నాన్ని కుదించకుండా వదిలేస్తే నేను మార్కులు కోసేవాణ్ణి" అంటూ కత్తిని వదిలి కొడుకు చదువు మీద పడ్డారు.

వాడు గాంధీ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపుకెళ్లి, "అన్నా, ఆరు బై ఎనిమిది ఉందా?" అన్నాడు.

"ఎందుకు లేదు సామీ! స్వామి ఒక్కడేనా, అమ్మవార్లతో కలిపా?"

తిరుపతిలో ఆ కొలత చెప్తే పటం కాక ఇంకేం తీస్తారు? "గడ్డానికన్నా!" అన్నాడు వీడు. షాపాయన గబగబా చెంపలేసుకున్నాడు. ఇక చేతికొచ్చిన దేవుణ్ణి వద్దనలేక వీడు పటం కొనుక్కొచ్చాడు. మొక్కు ఫలించిందని అత్తగారు పొంగిపోయారు.

చివరికి ఆన్‌లైన్లో తెప్పించాడు, అదీ 8/8. "5/8 చాలు కదరా" అంటే, "ఎనిమిదికి ఎనిమిది వస్తుంటే అయిదెందుకు బావా?" అన్నాడు. పాపం, ఆ ఇంట్లో వాడికి అన్ని మార్కులు ఎప్పుడొచ్చాయి గనక!

పదునుకు తోలు పట్టీ కావాలి. మామగారి బెల్టు కిటికీకి కట్టాడు. తోలు మీద కత్తి వెన్ను ముందు నడవాలి, పదును వెనక రావాలి. వీడు కొడవలికి సాన పట్టినట్టు పదునును ముందుకు తోశాడు. మాస్టారు ఆ రోజు నుంచి పంచెలోకి మారారు.

ఆదివారం ముహూర్తం. కుడి చెంప బ్రహ్మాండంగా సాగింది. వెడల్పు కత్తి కదా, నురుగంతా మోసుకుపోతుంది. ముక్కు కిందకొచ్చాకే తంటా. ఆ ఇరుకులో అంగుళం కత్తికి తిరగడానికి చోటేదీ? ఒకసారి బలవంతంగా తిప్పాడు. కుడివైపు మీసం నురుగుతో పాటు వెళ్లిపోయింది.

మొహానికి టవల్ చుట్టి సెలూన్‌కు తీసుకెళ్లాను. సెలూనాయన టవల్ తీసి చూసి, "ఏం సామీ, మొక్కు వాయిదాల్లో తీరస్తా ఉండారా?" అన్నాడు.

ఊరుకోవచ్చు కదా, మావాడు అక్కడా కొలతే అడిగాడు. "మీ కత్తి ఎన్నో వంతన్నా?"

ఆయన కొత్త బ్లేడును పుటుక్కున విరిచి ఒక ముక్క కత్తిలో దూర్చాడు. "బ్లేడులో సగం."

"ఉండేది కూడా సగం గడ్డమే కదా, సగం డబ్బులే తీసుకోండి."

"గీసేదానికైతే సగమే సామీ. సరిచేసేదానికి వేరే."