ఆ గంజిలో ఉప్పు తప్ప ఏమీ లేదు

మే నెల వచ్చిందంటే చెన్నైలోని మా వలసరవాక్కం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ తిరుగుతుంది: "ముళ్లివాయ్‌క్కాల్ అంటూ ఏడ్చేవాళ్లంతా ఎల్‌టీటీఈ మనుషులే. యుద్ధంలో అమాయకులంటూ ఎవరూ ఉండరు. శ్రీపెరంబుదూర్‌లో మనవాళ్లు పోయినప్పుడు వీళ్లు ఏడ్చారా?" ముళ్లివాయ్‌క్కాల్ అంటే 2009 మేలో శ్రీలంక సైన్యానికీ, విడి తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈకీ ఆఖరి యుద్ధం జరిగిన తీరం. ఏటా మే 18న అక్కడ పోయినవాళ్ల కోసం దీపం పెట్టి, గంజి పంచుతారు. ఈసారి మెసేజ్ పంపింది మా బాబాయ్. ఆయనకు రాసిన జవాబిది.

ఎల్‌టీటీఈ మనుషులా? మే 18న మా పై వాటాలో ఉండే జాఫ్నా ఆవిడ స్టీలు గ్లాసులో గంజి తెచ్చిచ్చింది. బియ్యం, నీళ్లు, ఉప్పు. 2009లో ఆఖరి వారాల్లో ఆ ఇసుక తీరంలో చిక్కుకున్నవాళ్లు దీంతోనే ప్రాణాలు నిలబెట్టుకున్నారట. ఆవిడ తమ్ముణ్ణి పోరుకు బలవంతంగా ఈడ్చుకెళ్లింది ఎల్‌టీటీఈ వాళ్లే. సైన్యం తాను దాడి చెయ్యనన్న ప్రాంతాల మీదే ఫిరంగులు పేల్చిందనీ, ఎల్‌టీటీఈ జనాన్ని అడ్డం పెట్టుకుని పారిపోయేవాళ్లను కాల్చిందనీ నమ్మదగ్గ ఆరోపణలున్నాయని 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పింది. పోయిన పౌరులు 40,000 దాకా ఉండొచ్చంది. శ్రీలంక ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్యా నలిగిపోయినవాళ్ల కోసం ఏడిస్తే అది ఎవరి పక్షం, బాబాయ్? దీపం పక్కన ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ ఫ్లెక్సీ కట్టి ఓట్లడిగేవాళ్లంటే నాకూ మంటే. ఆవిడ కట్టలేదు.

అమాయకులే ఉండరా? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. జపాన్ లెక్కలో మనం శత్రువు ప్రజలం. తెల్లదొరకు పన్ను కట్టారు గనక పోతే పోయారులే అందామా? మద్రాసు సంగతే చూడు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ ఈ ఊరి మీద గుళ్లు కురిపించింది. హైకోర్టు గోడకు ఫలకం ఉంది. గట్టి పిండాన్ని 'ఎమ్డెన్' అనడం ఇక్కడ వాడుక. ఓడ పేరు జనం నోట్లో నిలిచింది గానీ, ఆ రాత్రి పోయినవాళ్ల పేరు ఒక్కటీ ఎవరూ తలవరు.

ఇక శ్రీపెరంబుదూర్. ఇక్కడ నీ మాటలో కొంత న్యాయం ఉంది. 1991 మే 21న అక్కడ ఎల్‌టీటీఈ మానవబాంబుకు రాజీవ్ గాంధీతో పాటు డ్యూటీలో ఉన్న పోలీసులు, సభకొచ్చిన మామూలు మనుషులు పోయారు. మే 18న మైకు పట్టుకునేవాళ్లలో చాలామంది వాళ్ల ఊసెత్తరు. తప్పే. అందుకని ఆవిడ తన వాళ్ల కోసం దీపం పెట్టుకోకూడదా? మూడు రోజుల తేడాలో రెండు దుఃఖాలు ఈ ఊరికి పట్టవా?

బాబాయ్ మెసేజ్ ఇంకా తీసెయ్యలేదు. ఒక్కటి మాత్రం అడిగాడు, ఆ గంజిలో కాస్త మజ్జిగైనా పొయ్యరా అని. పొయ్యరు.