మీ ప్రశాంతత మాకు బీపీ తెప్పిస్తోంది

"చూడు, నువ్వు డిఫెన్సివ్ అవుతున్నావ్."

ఈ మాట, అంటే తప్పు ఒప్పుకోకుండా నిన్ను నువ్వు వెనకేసుకొస్తున్నావని, మీతో ఎవరైనా అని ఉంటే, అన్నవాళ్ళ గొంతు ఎంత మెత్తగా ఉందో కూడా మీకు గుర్తుండే ఉంటుంది. అరుపు ఉండదు. తల ఒక పక్కకు రవ్వంత వాలుతుంది. కళ్ళలో అపారమైన కరుణ. మీ పని చెడగొట్టింది ఆయనే, మీరు అడుగుతున్నది ఆ పని గురించే, అయినా ఆ కరుణ చూసినవాళ్ళు మీరే ఏదో ఘోరం చేసి వచ్చారనుకుంటారు. "నేనేం డిఫెన్సివ్ కావట్లేదు" అన్నారా, అదే రుజువు. నోరు మూసుకున్నారా, ఒప్పుకున్నట్టే లెక్క. గొంతు పెంచారా, ఇక చెప్పేదేముంది, ఆయన కళ్ళు మూసుకుని మీకు ప్రేమ పంపడం మొదలుపెడతాడు.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 11వ అధికరణం, నేరం మోపబడిన ప్రతి మనిషికీ తన వాదన చెప్పుకోవడానికి కావాల్సిన హామీలన్నీ ఉండాలంటుంది. అంటే హత్య కేసు ముద్దాయికి కూడా ఆ హక్కుంది. లైటు ఆర్పలేదని మాట పడ్డవాడికి మాత్రం లేదు, వాడు తన వాదన చెప్పుకుంటే అది వాడి చిన్నప్పటి గాయం కిందికి వస్తుంది.

ఎవరేమన్నా డిఫెన్సివ్ కాకుండా ప్రేమతో జవాబివ్వాలని ప్రశాంతత కోర్సుల్లో నేర్పే సిద్ధాంతం మంచిదే, ఆ మాట ఒప్పుకుందాం. ఎవరైనా తప్పు ఎత్తి చూపగానే ఒళ్ళు బిగుసుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, బుర్ర అందుకోకముందే నోరు "అదేం కాదు, నువ్వే కదా..." అని మొదలుపెడుతుంది. హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే ఫిజియాలజీ ప్రొఫెసర్ 1915లోనే ఇదంతా రాసి పెట్టాడు. ప్రమాదం కనిపించగానే శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది. ఏ మృగమో మీద పడుతుంటే ఈ ఏర్పాటంతా పనికొస్తుంది గానీ, "ఈ లెక్కలో రెండో లైను తప్పింది" అన్న పక్క సీటు మనిషి మీద దాన్ని ప్రయోగించడం దండగ. కాబట్టి ఒక్క క్షణం ఆగు, ఊపిరి తీసుకో, ఎదురుగా ఉన్నది శత్రువు కాదని గుర్తు చేసుకో, ప్రేమతో జవాబు చెప్పు. బాగుంది, ఎవరు కాదన్నారు? కానీ చివర ఉన్నది చూశారా, జవాబు చెప్పు. మన శాంతమూర్తులు ముందున్నవన్నీ శ్రద్ధగా నేర్చుకున్నారు, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి కోర్సు అయిపోయినట్టుంది.

అదెలా ఉంటుందో ఒక ఇంట్లో చూద్దాం. ఇల్లు ఎవరిదైనా అనుకోండి.

స్కూలు నాలుగింటికి వదిలారు. పిల్లాడిని తీసుకురావాల్సింది నాన్న. ఇప్పుడు ఐదున్నర. భార్య ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఇంట్లో పిల్లాడి బ్యాగు లేదు, బూట్లు లేవు, పిల్లాడు లేడు. నాన్న మాత్రం ఉన్నాడు, బాసింపట్టు వేసుకుని.

"బాబును తీసుకురాలేదా మీరు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా గాలి లోపలికి, ఏడు అంకెల దాకా బిగబట్టి, ఎనిమిది అంకెల దాకా బయటికి. ఒక్కో విడత 19 సెకన్లు, నాలుగు విడతలు చెయ్యాలి, వెరసి 76 సెకన్లు. మధ్యలో ఆపకూడదట. ఆవిడ నిలబడి ఉంది.

"నీ గొంతులో భయం వినిపిస్తోంది నాకు."

"బాబు ఎక్కడండీ?"

"ఆ భయానికి నేను చోటిస్తున్నాను."

"బాబు ఎక్కడ?"

"అది పైకి కనిపించే ప్రశ్న. దాని అడుగున నువ్వు నిజంగా అడుగుతున్నది ఏమిటి?"

"అడుగున కూడా బాబు ఎక్కడ అనే అడుగుతున్నా!"

ఆయన చిన్నగా నవ్వాడు. ఎదుటివాళ్ళు ఇంకా ఆ స్థాయికి రాలేదే అని జాలిపడేవాళ్ళు నవ్వే నవ్వు అది. ఈలోగా ఫోను మోగింది, స్కూలు నుంచి. ఆయన తియ్యలేదు, ఎందుకంటే ఉద్వేగంలో ఏ పనీ చెయ్యకూడదు. ఫోను మోగుతూనే ఉంది, ఆయన దానికీ చోటిచ్చాడు. ఆవిడ తాళాలు తీసుకుని గుమ్మం దాటుతుంటే గుండె మీద చెయ్యి వేసుకుని, "నువ్వు కోపంగా వెళ్తున్నా సరే, నా ప్రేమలో ఏ తేడా రాదు" అన్నాడు. తలుపు ధడాలున పడింది. ఆ చప్పుడు మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు, కేవలం గమనించాడు.

ఆరు దాటాక తల్లీ పిల్లాడూ వచ్చారు. పిల్లాడి ముక్కు ఎర్రగా ఉంది. "ఎందుకు రాలేదు నాన్నా?" అన్నాడు. ఆయన వెంటనే మోకాళ్ళ మీదికి దిగాడు, పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉండాలి కదా.

"నీ కోపాన్ని నేను గౌరవిస్తున్నాను కన్నా."

"నాకు కోపం లేదు. ఎందుకు రాలేదు?"

"నీ బాధ పక్కన నేను ఎంతసేపైనా కూర్చోగలను."

"నేను గేటు దగ్గర నిలబడే ఉన్నా. ఎందుకు రాలేదు?"

పిల్లాడికి కావాల్సింది ఒకటే. మర్చిపోయాను, తప్పు నాదే. దానికి ఊపిరి బిగబట్టక్కర్లేదు, అంకెలు లెక్కపెట్టక్కర్లేదు, మోకాళ్ళు నొప్పి చేసుకోనక్కర్లేదు. ఆ రాత్రి ఆయన డైరీలో రాసుకున్నాడు: "ఈ రోజు నన్ను ఇద్దరు రెచ్చగొట్టారు. ఒక్కసారి కూడా డిఫెన్సివ్ కాలేదు." అదే తీసి కోర్సు గ్రూపులో పెడితే గుండె బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఎవరో ఒకావిడ, మీ ఇంట్లోవాళ్ళు ఎంత అదృష్టవంతులో అని కూడా రాసింది.

నన్నడిగితే, "మర్చిపోయా, ఏం, నువ్వెప్పుడూ ఏదీ మర్చిపోలేదా?" అని ఎగిరిపడే మొగుడు ఇంతకంటే వెయ్యి రెట్లు నయం. వాడి అరుపుల్లో వెతుక్కుంటే కనీసం 'మర్చిపోయా' అన్న ముక్క దొరుకుతుంది.

మన శాంతమూర్తి చేసింది డిఫెన్స్ కాదని ఎవరన్నారు? అన్నా ఫ్రాయిడ్, అంటే సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు, మనసు తనను కాపాడుకోవడానికి వాడే పద్ధతుల మీద 1936లో పెద్ద పుస్తకమే రాసింది. ఆ జాబితాలో 'రియాక్షన్ ఫార్మేషన్' అని ఒకటుంది. లోపల ఉన్న భావం భరించలేనిదైతే మనసు దాన్ని తలకిందులు చేసి బయట పెడుతుంది, కసి ఉన్నచోట అతి మర్యాద, విసుగు ఉన్నచోట అతి ప్రేమ. మామూలు మనిషి "అదేం కాదు" అని గోడ కడితే కనీసం అది గోడని తెలుస్తుంది, ఎక్కడో ఒక ఇటుక లాగొచ్చు. ప్రేమతో కట్టినదాన్ని లాగబోతే ప్రేమను తిరస్కరించిన దుర్మార్గులం మనమవుతాం. జాన్ వెల్‌వుడ్ అనే మానసిక చికిత్సకుడు, స్వయంగా బౌద్ధ సాధకుడు, సాధన పేరుతో సొంత సమస్యల్ని దాటేసి పోయే ఈ అలవాటుకు 1980లలోనే 'స్పిరిచువల్ బైపాసింగ్' అని ఒక పేరు కూడా పెట్టాడు. ఆయన తనవాళ్ళను చూసే ఆ మాటన్నాడు.

ఇక శాస్త్రం. శాంతమూర్తులకు శాస్త్రమంటే మహా ఇష్టం, మెదడు స్కాన్ బొమ్మ లేకుండా నోరు తెరవరు, కాబట్టి వాళ్ళ కోసమే. 1990లలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే పరిశోధకులు కొందరికి అసహ్యం పుట్టించే సినిమా ముక్కలు చూపించి, ముఖంలో ఏమీ కనిపించనీయకుండా చూడమన్నారు. ముఖాలైతే బాగానే కుదిరాయి. లోపల మాత్రం నాడీ వ్యవస్థ తగ్గకపోగా ఇంకా ఎక్కువ కష్టపడింది. ఇంతవరకు వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం అనుకోవచ్చు. 2003లో ఎమిలీ బట్లర్, ఇదే గ్రాస్, ఇంకొందరు కలిసి మరో ప్రయోగం ప్రచురించారు. ఒకరికొకరు తెలియని స్త్రీలను జంటలుగా కూర్చోబెట్టి, కలత పెట్టే సినిమా చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం విడిగా, నీ భావాలేవీ బయటపడనీయకు అని చెప్పారు. వాళ్ళ ఎదురుగా కూర్చున్న మనిషికి, పాపం ఏమీ తెలియని మనిషికి, బీపీ పెరిగింది.

మళ్ళీ చదవండి. దాచుకున్నది ఒకరు, బీపీ ఇంకొకరికి. ఇన్నాళ్ళూ ఆ బాసింపట్టు ముందు నిలబడి నాలుగు మాటలకే ఊగిపోతున్నది తన చేతకానితనమనుకున్న ఇల్లాళ్ళందరూ దీన్ని కాగితం మీద రాసి గోడకు అంటించుకోవచ్చు.

బేషరతు ప్రేమ అనగానే వీళ్ళు కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త పేరు తీస్తారు. ఆయన 1957లో రాసిన వ్యాసంలో మనిషి మారడానికి ఆరు షరతులు చెప్పాడు, అందులో బేషరతు ఆదరణ ఒకటి. మరి దాన్ని ఎవరు ఎవరికి ఇవ్వాలన్నాడు? కుర్చీలో ధీమాగా కూర్చున్న చికిత్సకుడు, ఎదురుగా బెదిరిపోయి ఉన్న మనిషికి. ఆ గదిలో బలం ఎవరి దగ్గరుందో వాళ్ళు ఇవ్వాలి. ఆ మనిషి తిరిగి చికిత్సకుడిని ప్రేమించాలని రోజర్స్ ఎక్కడా అడగలేదు. పైగా అదే జాబితాలో, చికిత్సకుడు ఆ సంబంధంలో నిజంగా ఉండాలి, ముసుగు వేసుకోకూడదు అని ఇంకో షరతుంది. దాన్ని ఎవరూ పోస్టర్ల మీద వెయ్యరు.

బుద్ధుడి కథ కూడా అంతే. ఒకాయన వచ్చి నోటికొచ్చినట్టు తిడితే, ఇచ్చింది పుచ్చుకోకపోతే అది ఎవరిది అని బుద్ధుడు అడిగాడు కదా, ఆ కథ. గమనించారో లేదో, ఆ కథ చెప్పింది తిట్లు తిన్న మనిషి. ఇప్పుడు తిట్టినాయనే తిట్టడం అయిపోయాక, "నేనన్నది నువ్వు తీసుకుంటేనే కదా బాధ" అని మనకే ఉపదేశిస్తున్నాడు. ఆఫీసుల్లో మేనేజర్లు మరీనూ. పదిమంది ముందు పరువు తీసి, ఆనక గదిలోకి పిలిచి, ఫీడ్‌బ్యాక్‌ను బహుమతిగా స్వీకరించడం నేర్చుకో అంటారు. వాళ్ళకు ఒకసారి అదే బహుమతి ఇచ్చి చూడండి, ప్రమోషన్ జాబితా వచ్చినప్పుడు తెలుస్తుంది ఎంత ప్రేమగా స్వీకరించారో.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఇక నాకు నవ్వు రావడం లేదు.

దెబ్బలు తిన్న ఆడమనిషి పక్కన కూర్చుని, "ఆయన లోపల ఒక గాయపడ్డ పిల్లాడున్నాడమ్మా, వాడిని ప్రేమించు" అని చెప్పేవాళ్ళున్నారు. దెబ్బ పడేటప్పుడు ఆమె ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కదా, మీ లెక్కలో అదీ డిఫెన్సివ్ రియాక్షనే కదా, దించమంటారా ఆ చెయ్యి? చిన్నప్పుడు తన ఒంటి మీద చెయ్యి వేసిన బంధువు పేరు ఎన్నో ఏళ్ళకు నోరు తెరిచి చెప్పిన మనిషితో, "క్షమించెయ్, ఆ కోపం నిన్నే తినేస్తుంది" అనడానికి మీరెవరు? ఆ కోపం ఆమెను తినలేదు. వాడున్న గదిలోకి ఆమెను మళ్ళీ వెళ్ళనీయకుండా కాపాడింది. మీరంతా ప్రేమగా ఊరుకున్న ఇంట్లో ఆమె తరఫున నిలబడింది అదొక్కటే. ఎన్నో ఏళ్ళు బిగబట్టిన మనిషికి మీరొచ్చి ఊపిరి పాఠాలు చెప్తారా?

ఆ బంధువు దగ్గరికి మాత్రం ఏ శాంతి గురువూ వెళ్ళడు. "బాబూ, కళ్ళు మూసుకో, ఊపిరి తీసుకో, ఇప్పుడు డిఫెన్సివ్ కాకుండా నువ్వు చేసింది చెప్పు" అని వాడినెవరూ అడగరు. వాడికి కోర్సు లేదు, డైరీ లేదు. జెన్నిఫర్ ఫ్రేడ్ అనే మనస్తత్వవేత్త 1997లో ఇలాంటివాళ్ళ నడక వర్ణించింది: ముందు కాదంటారు, తర్వాత అడిగినవాళ్ళ మీద పడతారు, చివరికి బాధితులం మేమే అంటారు. ఈ మూడూ చెయ్యడానికి గొంతు పెంచక్కర్లేదు. మెత్తగా, తల పక్కకు వాల్చి, కళ్ళలో నీళ్ళు నింపుకుని చేసేవాళ్ళే ఎక్కువ కాలం నెగ్గుకొస్తారు. వాళ్ళకు ఆ భాష నేర్పి పెట్టింది మీరు. సిగ్గుండాలి.

సరే. మరి డిఫెన్సివ్ కాకుండా ఉండటమనేది లేదా అంటే, ఉంది. దంపతుల మాటలూ గుండె చప్పుళ్ళూ దశాబ్దాలపాటు రికార్డు చేసిన జాన్ గాట్‌మన్, కాపురాల్ని కూల్చే నాలుగు అలవాట్లలో డిఫెన్సివ్ కావడాన్ని ఒకటిగా చేర్చాడు. విరుగుడుగా ఆయన బాసింపట్టు చెప్పలేదు. అవతలివాళ్ళు అన్నదాంట్లో కొంతైనా నీ తప్పుంటే ఆ కొంత ఒప్పుకో అన్నాడు. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే మాటలు ఆపి కనీసం 20 నిమిషాలు పక్కకు వెళ్ళమన్నాడు, కానీ తర్వాత తిరిగి వచ్చి మాట్లాడాలి. మనవాళ్ళు ఆ మొదటి సగం ఏళ్ళ తరబడి చేస్తున్నారు.

నిజంగా ఆ పని చేసేవాళ్ళను నేను చూశాను. చూడ్డానికి ఏమాత్రం ప్రశాంతంగా ఉండరు. చెవులు ఎర్రబడతాయి, మాట తడబడుతుంది, సగం వాక్యంలో "కానీ నువ్వు కూడా" అని వచ్చేదాన్ని మింగేసి, "అవును, నేనే పంపలేదు, రేపు పొద్దున్న పంపుతా" అంటారు. పొద్దున్న పంపుతారు. అంతా అయ్యాక నిన్ను ప్రేమిస్తున్నానని ఎవరికీ చెప్పరు, గ్రూపులో పెట్టరు, వాళ్ళకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

ఇది చదివి, అయ్యో, ఈ రాసిన మనిషి లోపల ఎంత కోపముందో అని జాలిపడి నాకు కాంతీ ప్రేమా పంపాలనుకుంటున్నవాళ్ళకు ఒక మనవి. కోపం ఉంది, దాన్ని నేను దాచలేదు కూడా. ప్రేమ వద్దు. రాసినదాంట్లో ఎక్కడ తప్పుందో చెప్పండి. అరిచి చెప్పినా పర్వాలేదు.