అడుసు తొక్కాను, కాలు కడగనివ్వలేదు

కార్తీక మాసంలో ఆదివారం అంటే ఉసిరిచెట్టు కింద కూర్చుని పులిహోర తినాల్సిన రోజు. మా ఆఫీసు వాళ్లంతా అదే చేశారు, ఫొటోలు కూడా పెట్టారు. నేను మాత్రం శనివారం రాత్రి లింగంపల్లిలో రైలెక్కి కాకినాడ వెళ్లి, మోకాళ్ల పైదాకా బురదలో నలభై నిమిషాలు నిలబడి తిరిగొచ్చాను. ఇది జరిగి మూడు రోజులైంది. కాలిగోళ్ల సందుల్లో మట్టి ఇంకా పోలేదు. కోపం కూడా అక్కడే ఎక్కడో ఉంది.

నేను పుట్టు పక్షిప్రేమికుణ్ణేం కాదు. షుగర్ వచ్చింది, డాక్టర్ నడవమన్నాడు, నడుస్తుంటే పార్కులో పక్షులు చూసే గ్రూపు తగిలింది. వాళ్లు పది అడుగులకోసారి ఆగుతారు. నడక విషయంలో నా అభిప్రాయం కూడా అదే కాబట్టి చేరిపోయాను.

గ్రూపుకి ఒక నాయకుడున్నాడు. పేరు చెప్పను, చెబితే వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తాడు. ఆకాశంలో రెక్క కొస కనిపిస్తే చాలు, ఆ పిట్ట ఊరూ పేరూ గోత్రం అన్నీ చెప్పేయగలడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ శక్తి పనిచేయదు. ఏడాదిగా నన్ను 'బ్యాంకాయన' అంటున్నాడు. నేను పనిచేసేది ఇన్సూరెన్స్‌లో.

కాకినాడ ఎందుకంటే, ఈ రోజుల్లో ఉత్తరాన చలి ముదిరి, సైబీరియా నుంచీ మంగోలియా నుంచీ ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా మన తీరానికి దిగుతాయి. కోరంగి మడ అడవుల పక్కన, కుంభాభిషేకం అనే రేవు దగ్గర సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. బురదంటే మనకి బురద. వాటికి అది బఫే. దారి పొడవునా నాయకుడు వాటి ప్రయాణాల గురించి చెబుతూనే ఉన్నాడు. 2022లో ఒక గాడ్విట్ పిల్ల, పుట్టి ఐదు నెలలే, అలాస్కాలో ఎగిరి టాస్మేనియాలో దిగిందట. 13,560 కిలోమీటర్లు, పదకొండు రోజులు, మధ్యలో ఎక్కడా ఆగలేదట. నేను సామర్లకోటలో టీకి దిగానని ఈ కథ నాకోసమే చెప్పాడని నా అనుమానం.

ఉదయం ఆరున్నరకి ఎనిమిది మందిమీ రేవుకి చేరాం. బురద లేదు. ఎదురుగా నిండుకుండలా సముద్రం. పిట్టల్లేవు. ఒక నీటికాకి మాత్రం గుంజ మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

సంగతేమిటంటే, పోయిన ఆదివారం ఆయన ఒక్కడే వచ్చి చూసుకుని వెళ్లాడు. ఆ రోజు ఆరున్నరకి సముద్రం బాగా తగ్గి ఉంది. కాబట్టి ఈ ఆదివారం కూడా ఆరున్నరకి తగ్గి ఉండాలి. సముద్రానికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఆటుపోట్లు రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. ఏడు రోజులకి దాదాపు ఆరు గంటలు. అంటే పోయిన వారం ఆటు ఉన్న గంటకి ఈ వారం ఇంచుమించు పోటు ఉంటుంది. ఈ లెక్క మాకు వివరంగా చెప్పింది కూడా ఆయనే, రేవులో నిలబడి, తప్పు చంద్రుడిదన్నట్టు.

పదిన్నర దాకా ఏం చేశామో చెప్పుకోదగ్గదేమీ లేదు. పెసరట్టు తిన్నాం. రెండోసారి కూడా తిన్నాం.

పదిన్నరకి నీళ్లు తగ్గాయి. పిట్టలు వచ్చాయి. ఒకటా రెండా, వేలు. అన్నీ గోధుమ రంగే, కాస్త అటూ ఇటూగా. వేసవిలో సైబీరియాలో పెళ్లిళ్ల సీజన్లో ఇవే పిట్టలు ఇటుక రంగులూ నల్ల మచ్చలూ వేసుకుని కళకళలాడుతుంటాయట. మన దగ్గరికి వచ్చేసరికి అన్నీ విప్పేసి లుంగీ బనీనుతో తిరుగుతాయి. అలా లుంగీలో ఉన్న వెయ్యి మందిలో ఎవరు ఎవరో పోల్చుకోవడమే ఈ విద్య. చుట్టూ అందరూ 'శాండ్ ప్లవర్', 'టర్న్‌స్టోన్', 'విమ్‌బ్రెల్' అని కేకలు పెడుతున్నారు. నేను బైనాక్యులర్స్ పెట్టుకుని ఆఁ ఆఁ అంటున్నాను.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. అందరూ గట్టు వెంట చుట్టూ తిరిగి నడుస్తుంటే, గుల్లలు ఏరుకునే ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని బురదకి అడ్డంగా చకచకా వెళ్లిపోవడం చూశాను. అరవై ఏళ్ల ముసలమ్మ నడవగా లేనిది నేను నడవలేనా అనుకున్నాను. పన్నెండో అడుగులో జవాబొచ్చింది.

మొదట చీలమండ దాకా. ఎడమ కాలు లాగుదామని కుడి కాలు మీద బరువు వేస్తే కుడిది మోకాలి దాకా. దాన్ని లాగబోతే ఎడమది. బ్యాంకులో ఒక లోను తీర్చడానికి ఇంకో లోను తీసుకున్నట్టు, నాలుగు ప్రయత్నాల్లో రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా వెళ్లిపోయాయి. ఇది మామూలు బురద కాదు. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి, దారిలో మహారాష్ట్ర నల్లరేగడినీ తెలంగాణ మట్టినీ కడుక్కుని, మెత్తగా రుబ్బి తెచ్చి ఇక్కడ పోసిన ఒండ్రు. అంతటి చరిత్ర ఉన్న మట్టి ఒక ఇన్సూరెన్స్ ఉద్యోగిని అంత తేలిగ్గా ఎందుకు వదులుతుంది?

నిజానికి అప్పటిదాకా పెద్దగా టెన్షన్ లేదు. నూట యాభై అడుగుల దూరంలో గట్టు మీద ఏడుగురు మనవాళ్లున్నారు. చెయ్యెత్తి ఊపాను. నాయకుడు చూశాడు. చూసి, రెండు అరచేతులూ చాపి 'కదలకు' అన్నట్టు సైగ చేశాడు. సరే, తాడు తెస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఏడుగురూ ఒంగుని మెల్లగా, దొంగల్లా, ట్రైపాడ్‌లు దించారు. ఏడు లెన్సులూ నా వైపు తిరిగాయి. మనిషి మునిగిపోతుంటే ఫొటో తీసేవాళ్ల గురించి పేపర్లో చదివాను గానీ, మనవాళ్లే అవుతారనుకోలేదు.

అప్పుడు ఫోన్లో మెసేజ్ వచ్చింది, నాయకుడి నుంచి. 'మీకు ఎడమ పక్క పది అడుగుల్లో గ్రేట్ నాట్. కదలొద్దు.'

గ్రేట్, నాట్. ఈ రెండు మాటలూ విడివిడిగా నాకు తెలుసు. గొప్పదో కాదో తేల్చి చెప్పకుండా ఈ సమయంలో ఇంగ్లీషు పరాచికాలేమిటని ఒళ్లు మండింది. కళ్లు మాత్రం తిప్పి చూస్తే, పావురం కన్నా కాస్త చిన్నగా, బూడిద రంగు వీపుతో, రొమ్ము మీద ఆవాలు చల్లినట్టు చుక్కలతో ఒక పిట్ట. బురదలో ముక్కు గుచ్చి, గవ్వని గవ్వలాగే మింగేస్తోంది. దాని పేరే గ్రేట్ నాట్ అని, ఈశాన్య సైబీరియా కొండల్లో గుడ్లు పెడుతుందని, అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో ఉందని వరసగా మూడు మెసేజ్‌లొచ్చాయి. ఆ జాబితాలో ఇంకొకరి పేరు చేర్చాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

'దిగబడిపోయాను' అని టైప్ చేశాను. 'తెలుస్తోంది. చాలా మంచి పొజిషన్. అది మిమ్మల్ని నమ్మింది' అని జవాబు. 'నీళ్లొస్తే?' అన్నాను. 'ఇంకా రెండు గంటల టైముంది, ఖంగారు పడకండి' అన్నాడు. ఈ మాట అన్నది ఎవరు? పొద్దున్న ఆరున్నరకి బురద చూపిస్తానని సముద్రం చూపించిన మనిషి. ఆ రెండు గంటల లెక్క పోయిన వారానిదో ఈ వారానిదో అడుగుదామనుకుంటే, వేలు కదిలినా పిట్ట తలెత్తుతోంది.

అలా నిలబడితే లోకం కొత్తగా కనిపిస్తుంది. ముందు ఒక ఫిడ్లర్ పీత కలుగులోంచి వచ్చింది. ఆ జాతి మగవాటికి ఒక డెక్క చిన్నగా, ఒకటి ఒంటికి మించి ఉంటుంది. ఆ పెద్దదాన్ని నాకేసి ఊపింది. పొద్దున్నుంచీ నేను చెయ్యి ఊపితే తిరిగి ఊపిన ప్రాణి అదొక్కటే. ఒక బురదచేప నా మోకాలి దాకా డేకుతూ వచ్చి, గుడ్లు మిటకరించి, ఇది ఎక్కదగ్గ మొద్దేనా అని బేరం చూసి, నచ్చక వెళ్లిపోయింది. వీపు మీద దురద మొదలైంది. అది ఎలాంటి దురదంటే, గోక్కుంటే ఒక జాతి మొత్తం అంతరించి నేరం నా మీదకొస్తుంది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోన్. ఎత్తకపోతే మోగుతూనే ఉంటుంది కాబట్టి ఎత్తాను.

"ఎక్కడున్నారు?"

"కాకినాడలోనే" అన్నాను గొంతు నొక్కుకుని.

"కాజాలు మర్చిపోకండి. ఏంటి, గుసగుసలాడుతున్నారు?"

"గట్టిగా మాట్లాడకూడదు. పక్కనే పిట్ట ఉంది."

అవతల నిశ్శబ్దం. ఇరవై రెండేళ్ల సంసారంలో అంత పొడుగు నిశ్శబ్దం వినలేదు.

"ఏ పిట్ట?"

"సైబీరియా నుంచి వచ్చిందిట" అన్నాను. ఇంకా నయం, 'నన్ను నమ్మింది' అనేది కూడా చెప్పబోయాను, ఈలోగా ఆవిడే పెట్టేసింది. తిరిగి చేద్దామంటే, చెయ్యి కదపొద్దంటూ గట్టు మీద నుంచి ఏడుగురి సైగలు.

నన్ను కాపాడింది గుల్లల బుట్టతో వెళ్లిన ఆ ముసలమ్మే. తిరిగి వస్తూ నా దగ్గర ఆగింది. పిట్ట తుర్రుమంది. గట్టు మీద ఏడుగురూ ఒక్కసారి 'అయ్యో' అన్నారు. పొద్దున్నుంచీ ఆ రేవులో నాకు వినిపించిన మొదటి అయ్యో అది. నాకోసం కాదు.

"ఏంటి బాబూ, దిగబడిపోయేవా? కూకో."

"బట్టలు పాడవుతాయమ్మా."

నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఇంకేం మిగిలేయి బాబూ? కూకుని వెనక్కి జారబడు. కాలు పైకి లాక్కు, అటూ ఇటూ ఆడించు, నీళ్లు దూరతాయి."

కూర్చున్నాను, జారబడ్డాను, ఆడించాను. రెండు నిమిషాల్లో కాళ్లు వచ్చేశాయి. ఎడమ బూటు రాలేదు. వంద రూపాయలివ్వబోతే ఆవిడ తీసుకోలేదు, "ఆ పిట్టని పట్టుకుందామనా వచ్చేరు ఇంతమందీ?" అని అడిగింది. "చూద్దామని" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

గట్టు ఎక్కాక నాయకుడు నా భుజం తట్టబోయి, భుజం చూసి ఆగిపోయాడు. "ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టుంటే రెక్క విప్పేదండీ బ్యాంకుగారూ" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ గుమ్మంలో ఉన్న ఒంటి బూటు చూసి, "రెండోది సైబీరియావాళ్లింట్లో వదిలారా?" అంది. కాజాలు తేలేదు. గ్రూపులో ఫొటో పెట్టారు, చూడు, ఇదీ ఆ పిట్ట అని ఫోన్ చూపించాను. అందులో గ్రేట్ నాట్ చుక్క చుక్కా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. దాని వెనక, మసగ్గా, మట్టి రంగులో నేను. రంగురంగుల బట్టలు వద్దని రూల్ పెట్టారు కాబట్టి మట్టి రంగు ప్యాంటే వేసుకెళ్లాను మరి. కింద ఒకాయన కామెంట్: 'అద్భుతం సార్. వెనక ఆ మొద్దు అడ్డు రాకుండా ఉంటే ఇంకా బాగుండేది.' దానికి నాయకుడు దండం బొమ్మ పెట్టాడు.

ఆ రోజు లిస్టులో 47 రకాల పక్షులట. నేను గుర్తుపట్టినవి మూడు, అందులో ఒకటి కాకి.

నిన్న రాత్రి ఖర్చుల లెక్క వచ్చింది. వ్యాను తలా 640. నా పేరు కింద విడిగా మరో 300, 'బురద వల్ల ఆలస్యం, డ్రైవర్ వెయిటింగ్' అని. ఎవరు ఎవరికోసం వెయిట్ చేశారో రాద్దామని కూర్చున్నాను. గంటైంది, గ్రూపులో నా పేరు పక్కన 'టైపింగ్' అని ఇంకా కనిపిస్తూనే ఉంది.