గుడ్డూ లేదు, మైదా లేదు, మరి కేకేంటి?

డిసెంబరు రెండో వారం, గుంటూరులో మా ఇల్లు. మా అత్త కొడుకు చిన్నోడికి కిందటేడాది సీలియాక్ అని తేలింది, అంటే గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడదు, తింటే చిన్నపేగు దెబ్బతింటుంది. మా పై వాటా వాళ్లేమో గుడ్డు ముట్టరు, అయినా క్రిస్మస్ పళ్లెం ఏటా వాళ్లింటికి వెళ్లాల్సిందే. అందరికీ ఒకే కేకు చేస్తానని అత్త, ఎలా చేస్తావో చూస్తానని అమ్మ. మధ్యలో కూర్చుని జీడిపప్పు ముక్కలు చేస్తూ నేను విన్నది ఇదీ.

అమ్మ: ఒక మాట విను సునీతా. గుడ్డు లేకపోతే మైదా ఆదుకుంటుంది, మైదా లేకపోతే గుడ్డు ఆదుకుంటుంది. రెండూ తీసేసి కేకు చేస్తానంటే గుంజలు పాతకుండా పందిరి వేస్తానన్నట్టుంది.

అత్త: స్పాంజి కేకైతే మీ మాటే నిజం వదినా, నేను దాని జోలికే పోను. ఇది పళ్ల కేకు. పిండి కంటే పళ్లే ఎక్కువ, పెద్దగా పొంగక్కర్లేదు, బరువుగా తడిగా ఉంటేనే దానికి అందం. గ్లూటెన్ చేసే పని రెండు, గాలిబుడగల్ని పట్టి ఉంచడం, ముక్క విడిపోకుండా చూడటం. మొదటిదాంతో మనకి అంత పనిలేదు. రెండోదానికి ఇసబ్‌గోల్ ఉంది.

అమ్మ: ఇసబ్‌గోలా? మామయ్యగారు రాత్రిళ్లు నీళ్లలో కలుపుకునేదా? పండగపూట చుట్టాలకి అది పెడతావా?

అత్త: ఆ పొట్టే. తడి తగిలితే జిగురవుతుంది కదా, ఆ జిగురే కావాలి. 200 గ్రాముల పిండికి ఒక టేబుల్ స్పూను వేస్తే చాలు, ఎవరికీ తెలియదు.

(నాకు తెలిసిపోయింది, ఇంక మర్చిపోలేను.)

అమ్మ: పోయినసారి చేశావుగా. పొడిపొడిగా రాలిపోతే చెంచాలు తెచ్చుకుని తిన్నాం. పైగా పంటి కింద ఇసక.

అత్త: ఒప్పుకుంటా. ఉత్త బియ్యప్పిండి వేశాను, కలిపీ కలపగానే ఓవెన్లో పెట్టేశాను, ఆ రెండూ నా తప్పులే. ఈసారి బియ్యప్పిండి 100 గ్రాములు, బాదం పొడి 60, జొన్నపిండి 40. పళ్లు 300 గ్రాములు, ముందురోజే కమలారసంలో నానేస్తా. వెన్న, బెల్లం, గుడ్డుకి బదులు పెరుగూ అవిసె గింజల పొడీ, అన్నీ కలిపి అరగంట కదపకుండా వదిలేస్తా. బియ్యప్పిండి తడి పీల్చుకోవడానికి ఆ అరగంట కావాలి, అది ఇవ్వకపోతేనే మీరన్న ఇసక. బేకింగ్ పౌడరు, సోడా మాత్రం ఓవెన్లో పెట్టబోయే ముందు, లేదంటే పెరుగు పులుపుకి సోడా గిన్నెలోనే పొంగి చల్లబడిపోతుంది. 150 డిగ్రీల్లో గంటంపావు, పైన ముందే ఎర్రబడితే బటర్ పేపరు కప్పడమే. ఇంకోటి, ఆ రోజు చాకు పెట్టకూడదు. గ్లూటెన్ లేని కేకుని వేడి మీద కోశామా, రాలిపోతుంది. మర్నాడు కొయ్యాలి.

అమ్మ: అత్తయ్యగారు చక్కెర నల్లగా మాడ్చి పాకం పోసేవారు, అదీ మానేస్తావా?

అత్త: దాన్నెందుకు మానేస్తాను వదినా, రంగంతా అదేగా.

అమ్మ: సరే. రెండు కేకులు చెయ్యి. పైవాళ్లకి గుడ్డు లేకుండా మైదాతో, చిన్నోడికి మైదా లేకుండా గుడ్డుతో. రెండూ సులువే. ఒక్కదాంతోనే అందరికీ సరిపెట్టమని నిన్నెవరు అడిగారు?

అత్త: మైదా జల్లిస్తే గాల్లోకి లేచిందంతా వాడి గిన్నె మీదే పడుతుంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వెయ్యాలంటే మన దేశంలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే చిటికెడు కూడా కాదు. అదొకటి. పోయిన క్రిస్మస్‌కి 'ఒక్క ముక్కకేమవుతుందిలే' అని ఎవరో వాడి చేతిలో కేకు పెట్టేశారు. వాడు తినలేదు, నా మొహం చూశాడు. వాడికి విడిగా డబ్బాలో పెట్టి, డబ్బా మీద పేరు రాసి, ఇది నీది అనడం నాకిష్టం లేదు. అందరి పళ్లెంలో ఉన్నదే వాడి పళ్లెంలోనూ ఉండాలి.

(అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకుందనుకున్నా.)

అమ్మ: అలాగైతే అసలు కేకెందుకు? అరిసెలు ఉన్నాయిగా. బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి. గుడ్డుందా, గోధుమలున్నాయా? మా అమ్మమ్మ క్రిస్మస్ అంటే అరిసెలూ చక్కిలాలే. కేకు దొరల వంట.

అత్త: దొరల వంటని మనవాళ్లు దొరల్లాగే చేశారా? 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబల్లి బాపు అనే బేకరీ ఆయనకి బ్రౌన్ దొర ఇంగ్లండు కేకు రుచి చూపించి ఇలాంటిదే చెయ్యమన్నాడట. ఆయన బ్రాందీ బదులు జీడిమామిడి పళ్ల సారా పోసి చేశాడని చెబుతారు. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు అదేనంటారు. మొదటిదాంట్లోనే ఒకటి తీసి ఇంకోటి వేశారు, నేను వేస్తే తప్పొచ్చిందా?

అమ్మ: ఆయన బ్రాందీ మార్చాడు. గుడ్లు మానెయ్యలేదుగా!

(ఇది మాత్రం అమ్మ పాయింటే. అత్త కూడా నవ్వేసింది.)

అమ్మ: నీ కేకు నీ ఇష్టం. అరిసెలకి బియ్యం రేపు నానబోస్తా, ఎల్లుండి మరకి పంపిస్తా.

అత్త: ఏ మరకి? సందు చివరిదానికా? గోధుమలు ఆడించి, ఆ వెంటనే అందులోనే మన బియ్యం పోస్తాడు వదినా.

అమ్మ: మొదటి దోసెడు తీసి పారబోస్తే పోదా?

అత్త: పోదు. నా పిండి అందుకే ఇంట్లో మిక్సీలో పట్టుకుంటున్నా, జల్లెడ కూడా కొత్తది కొన్నా. అసలు మొన్న చక్కిలాల్లో ఇంగువ వేశారు కదా, డబ్బా వెనక చదివారా?

అమ్మ: ఇంగువలో గోధుమలేంటే, నీ చాదస్తం కాకపోతే!

అత్త: మనం కొనే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండే కలుపుతారు. బియ్యప్పిండి కలిపింది కూడా దొరుకుతుంది, చూసి తెచ్చుకోవాలి.

అమ్మ లేచి వెళ్లి పోపుల పెట్టె పక్కనున్న ఇంగువ డబ్బా తెచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, వెలుతురులోకి తిప్పి, చదివింది. మళ్లీ చదివింది.

అమ్మ: వాడు ఇక్కడికొచ్చినప్పుడల్లా పప్పుచారులో ఇదే వేశానే.

అత్త: మీకేం తెలుసు వదినా. నాకూ ఈ మధ్యే తెలిసింది.

అమ్మ: (నాతో) ఆ డబ్బా బయట పడెయ్. పెరట్లో రోలు కడుగు, వేడినీళ్లు పోసి బాగా కడుగు. సునీతా, అరిసెలు మాత్రం నేను మానను, మీ అన్నయ్యకి చెప్పు, ఈసారి రోకలి ఆయనదే. నీ కేకు మర్నాడే కొయ్యాలన్నావుగా, ఇరవై నాలుగు పొద్దున్నే చేసెయ్. రాలిందో, చెంచాలు నువ్వే కడగాలి.